రిహార్సల్ లేకపోయినా

"ఇప్పుడా రావడం? ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. నీతో నేను వేగలేనయ్యా!"

తలుపు దగ్గర తడిసిన చెప్పులు విడుస్తున్న కుర్రాడు బిత్తరపోయాడు. అరిచినవాడు అటు తిరిగి, గోడకేసి చూస్తూ అరుస్తున్నాడు.

"బాపట్ల బండి లేటండి. అయినా ఇరవై ఏళ్ళ కిందట నేను పలక పట్టుకుని తిరుగుతున్నా. అప్పుడు మిమ్మల్నేం చేశానండి?"

గోడకేసి తిరిగినవాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. చేతిలో కాగితాలున్నాయి. "మిమ్మల్ని కాదండి! ఇది డైలాగు."

"డైలాగైనా కాస్త మెల్లగా చెప్పొచ్చుగా. కిందున్న టీకొట్టువాళ్ళు నేనేదో ఘోరం చేశాననుకుంటున్నారు."

తెనాలిలో ఆ మేడ మీది రిహార్సల్ గదిలో కిరీటి, హేమంత్ కలుసుకున్నది అలా. కిరీటిది రేపల్లె, వాళ్ళకి ఎరువుల కొట్టుంది. హేమంత్‌ది బాపట్ల, ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. ఇద్దరికీ నాటకాల పిచ్చి.

ఆ పిచ్చిని కనిపెట్టి ఇద్దర్నీ పట్టుకొచ్చింది రంగనాయకులు గారు. వయసులో ఉండగా ఆడవేషాలు కట్టి ఊరూరా ఈలలు వేయించుకున్న మనిషి. ఇప్పుడు డైరెక్టరు. ఎప్పుడో చదివిన ఫ్రెంచి కామెడీ ఒకటి ఆయన్ని ఇన్నేళ్ళూ వదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి కాపురం చేస్తూ, పొద్దున్న లేస్తే పోట్లాడుకుంటూ, ఒకరు లేకుండా ఒకరు గడపలేని కథ. ఆ కాపురాన్ని ఆయన ఒక టిఫిన్ హోటల్లో పెట్టి తెలుగు చేశారు. బాపట్ల నాటక పోటీల్లో ఒక్క ప్రదర్శన.

"ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి బాపట్ల! మనవాళ్ళు నవ్వుతారంటారా బాబాయ్?" అన్నాడు హేమంత్.

"ఏం, ఫ్రాన్సులో మొగుడూ పెళ్ళాలు ఉప్పెక్కువైందని పోట్లాడుకోరా? అక్కడ నవ్వినవాడు ఇక్కడా నవ్వుతాడు. కాలం మారినా నవ్వుతాడు. ఎందుకంటే వాడు చూసేది తన ఇల్లే."

పోటీలవాళ్ళు మాత్రం ఫోన్ చేసి నసిగారు. ఇద్దరిలో ఒకర్ని ఆడమనిషిని చేస్తే బాగుంటుందండి, అని.

రంగనాయకులు గారికి ఒళ్ళు మండింది. "నేను చీర కట్టుకుని మగవాడి పక్కన సంసారం చేస్తుంటే మీ తాతలు వన్స్ మోర్ కొట్టారు. అదే మనిషి లుంగీ కట్టుకుంటే మీకెక్కడ నొప్పిరా?"

అవతల ఫోన్ పెట్టేశారు. నాటకం మాత్రం ఉన్నది ఉన్నట్టే నిలిచింది.

రిహార్సల్స్ అయ్యాక ఇద్దరూ తెనాలి స్టేషన్‌కి నడిచేవారు. ఒకరిది ఒక బండి, ఇంకొకరిది ఇంకో బండి. మొదట్లో కిరీటి తన బండి రాగానే ఎక్కేసేవాడు. తర్వాత్తర్వాత కళ్ళెదుట రేపల్లె బండి కదులుతున్నా బెంచీ మీంచి లేచేవాడు కాదు.

"అది నీ బండే కదా?"

"కాదేమోలే."

"రేపల్లెకి ఇంకో లైనేమన్నా వేశారేంటి, నాకు చెప్పకుండా?"

కిరీటి నవ్వేవాడు. వాన పడుతుంటే రేకుల కింద ఇద్దరూ భుజాలు తగిలేలా నిలబడేవారు. వాన లేనప్పుడు కూడా అలాగే నిలబడేవారు. ఎందుకని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

రోజూ విడిపోయేవాళ్ళకి అది అలవాటైపోతుందని అంటారు. అబద్ధం. బాపట్ల బండి మలుపు తిరిగి, వెనక ఎర్రదీపం కనపడకుండా పోయేదాకా కిరీటి ప్లాట్‌ఫారం అంచునే నిలబడి చూసేవాడు. నాటకం అయిపోతే ఇక హేమంత్ తెనాలి ఎందుకొస్తాడు? చెప్పేస్తే? చెప్పాక అతను నవ్వేస్తే? ఇప్పుడున్న స్నేహం కూడా పోతుంది. ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూనే ప్రదర్శన రోజు వచ్చేసింది.

ముందు వరసలో కిరీటి నాయనమ్మ వెంకటరత్నమ్మ కూర్చుంది. ఒళ్ళో సంచీ, సంచీలో బీపీ మాత్రలు, మనసులో తిరుగు బస్సు గురించి బెంగ. తెర లేచిన కాసేపటికి మూడూ మర్చిపోయింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "అచ్చం మా ఆయనేనండి! పచ్చడి బాగుందని చచ్చినా చెప్పడు" అంది. ఇద్దరూ పమిటలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు.

అప్పుడొచ్చింది ఆ సీను. ఉప్మా దగ్గర మొదలైన గొడవ ముదిరి హేమంత్ పెట్టె సర్దుకుంటాడు. ఉండమని అడగడానికి కిరీటికి నోరు రాదు.

"వెళ్తున్నా."

"వెళ్ళు. ఎవడొద్దన్నాడు?"

"నిజంగానే వెళ్తున్నా."

"ఆ గొడుగు తీసుకెళ్ళు. తడిస్తే నీకు జలుబు."

హాలంతా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఎక్కడో ముక్కు చీదిన చప్పుడైంది. వెనక నుంచి ఎవరో "వన్స్ మోర్!" అన్నారు. పద్యానికి తప్ప మాటకి వన్స్ మోర్ కొట్టడం ఆ హాల్లో ఎవరూ ఎరగరు. కానీ జనం అడిగాక కాదనడం ఈ ప్రాంతపు నటుల ఒంట్లోనే లేదు. రంగనాయకులు గారు తెర పక్కనుంచి చెయ్యి ఊపారు, మళ్ళీ కానివ్వమని.

హేమంత్ మళ్ళీ పెట్టె ఎత్తాడు. "వెళ్తున్నా."

కిరీటి నోరు తెరిచాడు. ఒకసారి పంపించాడు కదా, రెండోసారి పంపించడం అతని వల్ల కాలేదు.

"ఎవడొద్దన్నాడు," అని రంగనాయకులు గారు పక్కనుంచి అందించారు.

"వద్దు," అన్నాడు కిరీటి. "వెళ్ళొద్దు. రేపట్నుంచి రిహార్సల్ లేదు. లేకపోయినా రా."

రంగనాయకులు గారు నెత్తి కొట్టుకున్నారు. హేమంత్ పెట్టె పట్టుకునే ఇటు తిరిగాడు. రెప్ప వేయకుండా కిరీటినే చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, "చూశారా అండి! ఇన్నేళ్ళూ నాతో చేసిన కాపురం ఈ మనిషికి రిహార్సలంట!" అన్నాడు.

హాలు ఈలలతో ఊగిపోయింది.

"వెళ్ళవయ్యా బాబూ, వెళ్ళకపోతే తర్వాతి సీనెట్లా!" అని పక్కనుంచి గుసగుస.

హేమంత్ పెట్టెతో కదిలాడు. గుమ్మం దగ్గర ఆగి, "వస్తాలే," అన్నాడు. ఆ మాట నాటకంలో లేదు.

తెర పడ్డాక మేకప్ గదిలోకి వెంకటరత్నమ్మ వచ్చింది. మొహానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటున్న కిరీటి లేచి నిలబడ్డాడు.

"మొదటిసారి బాగా నటించావు నాయనా."

"రెండోసారి?"

"రెండోసారి నటించావంటే నేన్నమ్మను."

ఆవిడ సంచీ తాడు మెలిపెట్టింది. "నాకు భయమేరా. మీ నాన్న ఏమంటాడో, ఊరేమంటుందో. కానీ ఇలా నోరు కట్టుకుని మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. అదింకా భయం." తర్వాత రంగనాయకులు గారి వైపు తిరిగింది. "అన్నయ్య గారూ, ఈ నాటకం మా రేపల్లెలో వెయ్యండి. వీడి నాన్నని నేను ముందు వరసలో కూర్చోబెడతా. కడుపారా నవ్విన నోటితో తిట్టడం కష్టమండి."

"తిడితే?"

"తిట్టనీండి. నేను లేనూ?"

ఆవిడ హేమంత్‌ని ఎగాదిగా చూసి, "మా వాడికి బాగా చిక్కావబ్బాయ్," అని బస్సు కోసం కంగారుగా బయటికి నడిచింది. సాగనంపడానికి రంగనాయకులు గారు వెనకే వెళ్ళారు.

గదిలో ఇద్దరే మిగిలారు.

"అయితే రిహార్సల్స్ ఉన్నట్టే," అన్నాడు హేమంత్.

"ఉన్నట్టే."

"ఇందాక అందరికీ చెప్పావు. నాకు మాత్రం చెప్పలేదు."

కిరీటి నూనె చేతులు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడుచుకున్నాడు. "నువ్వు నాకు కావాలి హేమంత్. బండి ఎక్కించి పంపించడానికి కాదు. పొద్దున్నే లేచి పోట్లాడ్డానికి కావాలి."

హేమంత్ ఆ జిడ్డు చేతిని పట్టుకున్నాడు. "పొద్దున్నే అంటే ఎన్నింటికి?"

"అయిదింటికి."

"అమ్మో, అయిదింటికా! అది కుదరదు. గొడవ ఇప్పుడే మొదలెడదాం," అన్నాడు, చెయ్యి మాత్రం వదలకుండా.