గోడౌన్ల ఎత్తు మీద ఆగే కారు

చీకటి పడ్డాక గోడౌన్ల ఎత్తు మీదుగా వెళ్ళకూడదని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎత్తెక్కే ఆ రోడ్డుకి రెండు పక్కలా మూతపడ్డ గోడౌన్లు, తుప్పు పట్టిన షట్టర్లు, వెలగని దీపస్తంభాలు. ఎత్తు దాటితే అవతల ఆసుపత్రి. అయినా సరే, రోగిని తీసుకెళ్ళేవాళ్ళు సైతం చుట్టూ తిరిగే పోతారు.

ఎందుకంటే... రాత్రిపూట అక్కడ లైట్లు ఆర్పేసిన తెల్ల కారొకటి నిలబడి ఉంటుందట. లోపల ఒక్కడే మనిషి, స్టీరింగు మీద తల వాల్చుకుని. వెనక సీటులోంచి మాత్రం పసిపిల్ల ఏడుపు! సన్నగా, ఊపిరాడనట్టు... ఉండి ఉండి వినిపించి ఆగిపోతుందట. పాలవాడు విన్నాడు. గోడౌన్ల కాపలావాడు విన్నాడు, మర్నాడే ఉద్యోగం మానేశాడు.

ఈ మాట ఎవరెత్తినా చెవి మెకానిక్కు మొహం పక్కకి తిప్పుకునేవాడు.

స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ, రెండో కొస చెవికీ ఆనించి రోగం చెప్పేస్తాడని ఆయనకా పేరు. ట్రయలు నెపంతో కస్టమరు పెట్రోలు తగలేసే మెకానిక్కులంటే ఆయనకి ఒళ్ళుమంట. ఏ బండిని రోడ్డు మీదికి తీసినా ముందు తన డబ్బాలోంచి ఐదు లీటర్లు పోసేవాడు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకునేవాడు కూడా. పోనీలెండి, ఆమాత్రం గొప్ప ఎవరికుండదు?

ఆ తెల్ల కారు ఊళ్ళో టైలరుది. నలుగురి చేతులు మారిన పాత బండి. ఆరేళ్ళ కూతురికి ఆయాసం. రాత్రుళ్ళు ఆటోల కోసం పరిగెత్తలేక, ఉన్నదంతా ఊడ్చి కొన్నాడు. ఏడాది కిందట దాన్ని షెడ్డుకి తెచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గి ఆగిపోతోందన్నా, కాసేపటికి మళ్ళీ మామూలే అని చెప్పాడు. మెకానిక్కు అలవాటు ప్రకారం తన పెట్రోలు పోసి, అదే ఎత్తు నాలుగుసార్లు ఎక్కించాడు. బండి ఒక్కసారి కూడా నసగలేదు. ఫిల్టరు మార్చి, ఇంకేం లేదు, అంతా నీ అనుమానమే అని నవ్వి పంపేశాడు.

ఎనిమిదో రోజు రాత్రి పాపకి ఊపిరి అందలేదు. కారు ఎత్తు మధ్యలో ఆగిపోయింది. పాపని భుజాన వేసుకుని టైలరు పరిగెత్తాడు. ఆసుపత్రి చేరేసరికే అంతా అయిపోయింది.

ఆ తర్వాత మెకానిక్కు టైలరు ఉండే వీధిలో అడుగు పెట్టలేదు.

మొన్నామధ్య ఒక సాయంత్రం టైలరు భార్యే ఆ కారు నడుపుకుంటూ షెడ్డుకి వచ్చింది. ఆయన జ్వరంతో పడుకుంటే తాళాలు తెచ్చానంది. రోజూ చీకటి పడగానే ఆ ఎత్తు దగ్గరికి వెళ్తున్నాడట. పెట్రోలు ముల్లు ఎర్రగీత దగ్గరుంటేనే బయల్దేరతాడట. కారు అక్కడ ఆగుతుంది... ఆయనా అక్కడే ఉండిపోతాడు.

“బాగు చెయ్యి అన్నయ్యా,” అందామె మెల్లగా. “అది ఆగకపోతే ఆయన ఇంటికొస్తాడు.”

నీవల్లే కదా అని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని మెకానిక్కుకి అనిపించింది.

చీకటి పడ్డాక ఒంటరిగా బయల్దేరబోతూ, అలవాటు కొద్దీ డబ్బా ఎత్తాడు. ముల్లు ఎర్రగీత మీద ఉంది. ఆమె చెప్పిన మాట గుర్తొచ్చి... డబ్బా కింద పెట్టేశాడు.

ఎత్తు మొదలైంది. షట్టర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. సగం దూరం ఎక్కాడో లేదో బండి ఒకసారి దగ్గింది... మళ్ళీ దగ్గింది... ఆగిపోయింది. లైట్లు ఆర్పాడు.

తాళం తిప్పాడు—

వెనక సీటులోంచి ఏడుపు.

చప్పున తాళం వెనక్కి తిప్పాడు. నిశ్శబ్దం. మళ్ళీ తిప్పాడు... మళ్ళీ అదే. సన్నగా, ఊపిరాడనట్టు. తలుపు తీసుకుని పారిపోదామనుకున్నాడు. కానీ ఎవరి నుంచి పారిపోతాడు? “తల్లీ...” అన్నాడు. చెయ్యి చాచి తాళం ఇంకోసారి తిప్పి, వెనక సీటుకి చెవి ఆనించాడు.

ఆ చెవి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

అది పంపు. ట్యాంకులోంచి పెట్రోలు లాగే పంపు, వెనక సీటు కిందే ఉంటుంది. పెట్రోలు అందకపోతే అలా కూస్తుంది.

కాసేపటికి బండి మళ్ళీ అందుకున్నాక షెడ్డుకి తెచ్చి, సీటు ఎత్తి, ట్యాంకు మూత విప్పి చూశాడు. అరచేతిలో సగమంత ప్లాస్టిక్ పొర, ఏదో డబ్బా మూతికి వేసే సీలు. ఏ పాత యజమాని కాలంలో పడిందో! పెట్రోలు ఎక్కువుంటే పంపుకి దూరంగా అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. అడుగంటినప్పుడు, అందులోనూ ఎత్తు మీద, పంపు మూతికి వచ్చి అతుక్కుంటుంది. ఇంజను ఆగాక కాసేపటికి వదిలేస్తుంది. తను పోసిన ఐదు లీటర్లే ఆ రోజు రోగాన్ని తనకి కనబడకుండా దాచేశాయి. ఆ ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

పొర తీసేశాడు, బండి బాగైంది. జ్వరం తగ్గాక టైలరుని ఎక్కించుకుని, చీకటి పడుతుండగా ఎత్తు మొదట్లో ఆపి జరిగిందంతా చెప్పాడు. తప్పు నాదే, కొట్టినా పడతానన్నాడు. “అక్కడ ఏడ్చేది పాప కాదు తమ్ముడూ... పంపు.”

టైలరు వెనక్కి తిరిగి ఖాళీ సీటు మీద చెయ్యి వేశాడు.

“పాప కాదని నాకు తెలుసన్నా,” అన్నాడు. “ఆ రాత్రి ఇద్దరం విన్నాం. నేను తాళం తిప్పుతూ కారుని తిడుతున్నాను. పాప నా చొక్కా పట్టుకుని... ‘తిట్టకు నాన్నా, కారు ఏడుస్తోంది’ అంది. మళ్ళీ మాట్లాడలేదు. ఆ చప్పుడు వింటే, ఆ మాట ఇప్పుడే అన్నట్టుంటుంది.”

ఆ చప్పుడు కూడా మెకానిక్కు తన చేత్తోనే తీసేశాడు.

టైలరు స్టీరింగు ముందుకి మారి తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా అందుకుంది. ముల్లు ఎర్రగీత మీదే ఉంది. కారు షట్టర్ల మధ్యనుంచి ఎక్కింది... దగ్గలేదు, కూయలేదు, ఎక్కడా ఆగలేదు. ఎత్తు దాటింది. ఎదురుగా ఆసుపత్రి దీపాలు.

గేటు ముందు బండి ఆపి, టైలరు వెనక్కి తిరిగి తాము వచ్చిన దారి చూశాడు.

“ఇంత దగ్గరా అన్నా?” అన్నాడు.