పోయిన నర్సమ్మ తిరిగొచ్చిన రాత్రి

కోదాడ దాటి బెజవాడ రోడ్డు మీద రెండు మైళ్లు పోతే, రాళ్లగూడెం డొంక తిరిగే మలుపులో పాత కరోడగిరి నాకా ఉండేది. నైజాం కాలంలో సరిహద్దు దాటే ప్రతి మూటనూ విప్పించి సుంకం కట్టించుకున్న చోటు అది. నైజాం పోయింది, సరిహద్దు పోయింది. నాకా మటుకు కప్పు కూలి, తలుపుల్లేని రెండు గదులతో అట్లాగే నిలబడి ఉంది.

అందులో సుంకం వసూలు చేసే అమీను ఇంకా ఉన్నాడనేవారు. కలరా వచ్చిన ఏడు, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. తనను ఎవరూ బదిలీ చేయలేదు గనుక, పొద్దుగూకాక ఇంకా డ్యూటీ చేస్తున్నాడట. చీకట్లో ఎవరు పోయినా లోపల్నుంచి మెల్లగా ఒకటే అడుగుతాడు — "మూటల ఏముంది?"

నిజం చెప్పినవాడికి ఏం కాదు. అబద్ధం చెప్తేనే... ఒక వ్యాపారి బెల్లం మూట నెత్తిన పెట్టుకుని, పాత బట్టలని చెప్పాడట. ఇంటికి పోయి విప్పితే నిజంగానే పాత బట్టలున్నాయట.

అప్పట్నుంచి ఆ ఊరివాళ్లు చీకటి పడ్డాక ఆ మలుపు తిరగడం మానేశారు. తప్పనిసరైతే, ఎవరూ అడగకముందే చేతిలో ఏముందో పైకి చెప్పుకుంటూ నడిచేవారు.

అరవై ఏడులో, చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక రాత్రి చివరి బస్సు ఆ మలుపులో ఒకే ఒక్క మనిషిని దించి పోయింది.

నర్సు అచ్చమ్మ.

యాభై ఆరులో రాళ్లగూడెం వచ్చింది ఆమె. అప్పటికే మొగుడు లేడు. సరోజ అని ఒక్క బిడ్డ. ఎదిగిన ఆ బిడ్డను వెంటేసుకునే చుట్టుపక్కల ఐదూళ్లు తిరిగి కాన్పులు చేసింది. ఎవరింటికి పోయినా ముందు కత్తెర మరగబెట్టేది, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేది. ఆ ఇల్లు ఏ దేవుణ్ణి మొక్కేదైనా సరే, ప్రార్థన అయ్యేదాకా అందరూ కళ్లు మూసుకోవాల్సిందే. తెరిచినవాళ్లకు తొడపాశం తప్పేది కాదు. ఇప్పుడు సరోజ మిర్యాలగూడలో కాపురం చేస్తోంది. ఆ బిడ్డ మూడో కాన్పుకని అచ్చమ్మ పోయి, పదిహేను రోజులుండి, మనుమరాలికి నీళ్లుపోసి, ఇదిగో ఇప్పుడు తిరిగొచ్చింది. హుజూర్‌నగర్ దగ్గర బస్సు చెడిపోకపోతే పగలే చేరేది.

తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుంది. దేవుణ్ణి నమ్మినదానికి దయ్యం భయమేంటని పదిమందికి చెప్పిన మనిషే. కానీ ఆ పదిమందీ ఇప్పుడు పక్కన లేరు.

నాలుగడుగులు వేసింది... నాకా గోడ పక్కన ఏదో కదిలింది.

ఆగింది.

చీకట్లోంచి సన్నగా, వణుకుతూ ఒక గొంతు — "ఏం... లేదు... ఏం..."

అచ్చమ్మకు ఆ చివరి 'ఏం' ఒక్కటే వినిపించింది. చాలు. నోరు దానంతటదే విప్పుకుంది.

"రెండు చీరలు," అంది మెల్లగా. "మురుకుల డబ్బా. కత్తెర... బొడ్డుదారం... దూది."

అటునుంచి చప్పుడు లేదు.

మనసులో ఏదో గుచ్చుకుంది. అబద్ధం కాకపోయినా, దాచితే అబద్ధమే కదా.

"మనుమరాలి టోపీ ఒకటి," అంది ఇంకా మెల్లగా. "సరోజకు చెప్పకుండ తెచ్చుకున్న. వాసన కోసం."

గోడ పక్కన ధబ్బున ఏదో పడింది.

పడింది మనిషి. దయ్యాలు అంత బరువుగా పడవు. అచ్చమ్మ దగ్గరికి పోయి వంగి చూసింది. ఊళ్లో ఉప్పలమ్మ కొడుకు నరసయ్య. పళ్లు కొట్టుకుంటున్నాయి.

"నరసయ్యా... గీడ ఏం జేస్తున్నవ్?"

అతను చేతులు జోడించాడు. "నా చేతిల ఏం లేదని అమీను సాబుకు చెప్తున్న... నర్సమ్మా, నిన్ను గూడ ఆపిండా? పైకి పోయెటోళ్ల మూటలు గూడ ఈడ్నే విప్పుతరా?"

"పైకి పోవుడేంది?"

"నువ్వు పోయినవ్ గద."

"అవు, పోయిన. ఇప్పుడు వస్తున్న."

నరసయ్య గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆ మాట అతనికి ఏ రకంగానూ ధైర్యం ఇవ్వలేదు.

మెల్లమెల్లగా బయటపెట్టాడు. మొన్న ఆదివారం ఆమె జ్ఞాపకార్థం కూడిక పెట్టారు. మిర్యాలగూడలోనే మట్టి చేశారట అని ఎవరో అన్నారు. ఆమె ఇంటి ముందే చాపలు పరిచారు, పాటలు పాడారు, ఫోటోకు బంతిపూల దండ వేశారు. ఊరంతా వచ్చింది.

అచ్చమ్మ ప్రయాణమంతా నెమరేసుకుంది. హుజూర్‌నగర్ దగ్గర బస్సు ఆగినప్పుడు కునుకు పట్టిన మాట నిజం. నిద్రలో ఏమన్నా... ఎవరికి తెలుసు? కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది. గడియారంలో రేడియం ముల్లు పచ్చగా మెరుస్తోంది. నిమిషం లెక్కపెట్టింది.

"తొంభై రెండు," అంది. "జర ఎక్కువే గని, ఉంది."

నరసయ్యకు అదేమీ ఎక్కలేదు. అతని భయం వేరే ఉంది. భార్య మంగకు పొద్దుటినుంచీ నొప్పులు. బిడ్డ ఎదురుకాళ్లు. మంత్రసాని సూర్యాపేటలో పెళ్లికి పోయింది. లారీ ఏదైనా ఆపి కోదాడ తీసుకుపోదామని రోడ్డు మీదికి వస్తూ, నాకా దగ్గరికి వచ్చేసరికి కాళ్లు కదల్లేదు.

అచ్చమ్మ మూట చంకన పెట్టుకుంది. "నడువు."

"నువ్వొస్తవా?"

"మరి ఎవరొస్తరు?"

అతను లేచాడు. పదడుగులు ముందు నడిచాడు. వెనక నుంచి తెల్లచీర రావడం భరించలేక, పదడుగులు వెనక నడిచాడు.

కొంత దూరం పోయాక ఆమె, అడగకూడదనుకుంటూనే అడిగింది. "కూడికల ఏం చెప్పిర్రు నా గురించి?"

"మస్తు మంచిగ చెప్పిర్రు. మత్తయ్య తాత ఏడ్చిండు. పదకొండేండ్లల నువ్వు ఒక్కల మీద గూడ కోపం చెయ్యలేదన్నడు."

"అబద్ధం."

"అవు. అందరం ఒకళ్ల మొఖాలొకళ్లు సూసుకున్నం."

డొంక చివర ఇంటి ముందు లాంతరు పట్టుకుని ఉప్పలమ్మ నిలబడి ఉంది. "ఎవర్ని తెచ్చినవ్ రా?"

"నర్సమ్మను."

"ఏ నర్సమ్మను?"

"మన నర్సమ్మనే."

లాంతరు పైకి లేచింది. తెల్లచీర... మొఖం... ఉప్పలమ్మ కేక పెట్టలేదు. అప్పుడే లోపల మంగ మూలిగింది. ఆ మూలుగులో బలం తగ్గిపోయింది. అది ఆడవాళ్లిద్దరూ విన్నారు.

"కాళ్లు సూపియ్యి," అంది ఉప్పలమ్మ గుసగుసగా.

అచ్చమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తింది. పాదాలు ముందుకే ఉన్నాయి. పగిలిన మడమలు, చిటికెన వేలికి పాత కట్టు.

"మంచిగనే ఉన్నయ్. అయినా నేను నమ్మ," అంది ఉప్పలమ్మ. పక్కకు జరిగింది. "బతికున్నప్పుడు మాకు మేలే చేసినవ్. సచ్చినంక కీడెందుకు చేస్తవ్. లోపలికి రా."

నీళ్లు మరిగాయి. కత్తెర మరిగింది. అచ్చమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. ఉప్పలమ్మ మూలన నిలబడి ఒక కన్ను తెరిచి చూసింది. దయ్యం ప్రార్థన చేస్తదా అని. అచ్చమ్మ కళ్లు మూసుకునే చేయి చాపి తొడపాశం పెట్టింది.

ఆ నొప్పికి ఉప్పలమ్మ ప్రాణం కుదుటపడింది. ఇది నర్సమ్మే. బతికుందో లేదో తర్వాత చూసుకోవచ్చు.

ఒక పాదం వచ్చింది. రెండో పాదం... తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అచ్చమ్మ కళ్లలోకి చెమట కారుతోంది. తొందరపడి లాగితే తల చిక్కుతుంది, ఆలస్యమైతే ఊపిరి పోతుంది. ఇన్నేళ్లలో ఇట్లాంటి కాన్పులు రెండు చేసింది. ఒక బిడ్డ దక్కింది. ఒక బిడ్డ దక్కలేదు. దక్కని బిడ్డే ఇప్పుడు కళ్లముందు ఉంది.

"మంగా, ఇగ ఒక్కసారి. నా దిక్కు సూడు. నా దిక్కే సూడు."

బిడ్డ బయటపడింది. నీలంగా ఉంది. ఏడవలేదు.

వీపు రుద్దింది. నోట్లో వేలు పెట్టి తుడిచింది. మళ్లీ రుద్దింది... ముక్కు మీద నోరు పెట్టి ఊదింది. ఒకసారి. రెండుసార్లు.

బిడ్డ తుమ్మింది. తర్వాత ఏడ్చింది.

గుమ్మం బయట నరసయ్య గోడకు తల ఆనించి కూర్చుండిపోయాడు.

అన్నీ సర్దాక, మంగ కళ్లు సగం తెరిచి అచ్చమ్మ కొంగు పట్టుకుంది. "నర్సమ్మా... ఆడ మా అమ్మ కనిపించిందా?"

"నేను ఎటూ పోలే బిడ్డా. బతికే ఉన్న."

మంగ కొంగు వదల్లేదు. "సరే. పోయినప్పుడే చెప్పు. ఆడపిల్ల పుట్టిందని చెప్పు. మూతి అచ్చం ఆమెదేనని చెప్పు."

అచ్చమ్మ బిడ్డ మూతి తుడిచింది.

"చెప్తా," అంది.

తెల్లారాక ఇంటికి పోయి, గోడ మీది ఫోటోకున్న బంతిపూల దండ తీసేసి, పొయ్యి అంటించింది. సంఘం పెద్ద మత్తయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. చాయ్ తాగుతున్న ఆమెను చాలాసేపు చూశాడు. చాయ్ గొంతు దిగడం కూడా చూశాడు.

తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆమె పోయిన పొద్దున, పక్కింటావిడ గోడ మీదినుంచి అరిచి చెప్పిందట — అచ్చమ్మ తెల్లారకముందే పోయింది తాతా, అని. ఆయనకు ఒక చెవి వినపడదు. రెండో చెవితో 'పోయింది' ఒక్కటే విన్నాడు. మిగిలిందంతా ఊరు కలిపింది.

"పాటలు పాడేసినం," అన్నాడు దిగులుగా. "వాటిని వాపస్ తీసుకునే పద్ధతి నాకు తెల్వదు."

"ఉండనియ్యి. ముందే పాడిర్రనుకుంట."

ఆయన కదల్లేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడే ఉన్నాడు.

"ఇంకేంది తాతా?"

మత్తయ్య పక్కకు జరిగాడు. వాకిట్లో మనుషులు కూర్చుని ఉన్నారు. పదిమంది, ఇరవై మంది, గేటు దాటి రోడ్డు మీదికి కూడా. ఒకామె ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఒకాయన చేతిలో ఫోటో ఉంది, గుర్తుపట్టడానికి. ఉప్పలమ్మ వరుసలో మూడోది.

"గీళ్లంత ఎందుకొచ్చిర్రు?"

"మంగ మాట పైన వాళ్లమ్మకు చెప్తానన్నవట."

"నేను బతికున్ననని చెప్పలేదా?"

"చెప్పిన. అందరికీ ఎరుకే." ఆయన గొంతు తగ్గించాడు. "తొందరేం లేదంటున్నరు. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే."

అచ్చమ్మ వాకిట్లోకి చూసింది. అందరి కళ్లూ ఆమె మీదే ఉన్నాయి, సూదిమందు కోసం వచ్చిన రోజు చూసినట్టే.

స్టూలు గుమ్మంలోకి లాక్కుని కూర్చుంది. "ఒక్కొక్కరు రండి. గట్టిగ చెప్పండి. మొదలు ఎవరు?"

"నేనే," అన్నాడు మత్తయ్య. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లు. వంగి, వరుసలోవాళ్లకు వినబడకుండా, అచ్చమ్మ చెవి దగ్గర చెప్పాడు. "పెంటమ్మ కనిపిస్తే... ఆ రోజు ఆమె అన్న మాటే కరెక్టని చెప్పు."

"ఏ మాట?"

"ఆమెకు ఎరుకే."