టముకు నోట్లో క్లైమాక్స్

సాయంత్రం స్కూల్ వ్యాన్ మెయిన్‌రోడ్డు ఎక్కేసరికి టముకు కడుపు ఉబ్బిపోతోంది. తిండి ఎక్కువై కాదు. మాట ఎక్కువై.

ఆ అమ్మాయికి అసలు పేరు వేరే ఉంది. అయినా ఐదో తరగతిలో అందరూ టముకు అనే పిలుస్తారు. ఎవరింట్లో కుక్కపిల్లలు పుట్టినా, ఎవరికి లెక్కల్లో సున్నా వచ్చినా, ఇంటర్వెల్ అయ్యేలోపు బడంతా చాటింపు వేసేది ఆమే. నోట్లో నువ్వుగింజ నానదు.

అలాంటి టముకు నిన్న అత్తయ్యావాళ్ళతో కలిసి 'తూనీగ' మూడో సినిమా చూసొచ్చింది. విడుదలైన రోజే!

తూనీగ అంటే అంతరిక్షంలో తిరిగే ఓడ. మొదటి సినిమాలో ఆ ఓడ ఇంజన్‌ని ఎవరో లోపలివాళ్ళే పాడుచేశారు. రెండో సినిమాలో ఓడ సూర్యుడివైపు జారిపోతుంటే 'సశేషం' అని వేసి ఊరుకున్నారు. ఆ ద్రోహి ఎవరు? పిల్లలూ పెద్దలూ అప్పట్నుంచీ బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నారు. జవాబు ఈ ఆఖరి సినిమాలో ఉంది. నిన్నటినుంచి టముకు కడుపులో కూడా ఉంది. పొద్దుట్నుంచీ పరీక్షల హడావుడిలో నోరు విప్పే వీలే చిక్కలేదు.

"నాకు డాక్టర్ మీదే అనుమానం," అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న కళ్ళద్దాల అబ్బాయి.

"కాదు, రోబో!" అంది రెండుజడల పిల్ల.

డ్రైవర్ మామ అద్దంలోంచి చూసి నవ్వాడు. వ్యాన్ ముందు అద్దానికి తూనీగ స్టిక్కర్ అంటించుకున్న మనిషాయన. రోజూ బండి కదిలేముందు, "తూనీగ ఎగరబోతోంది! చేతులు లోపల, ముక్కులు లోపల!" అని అరుస్తాడు. "సరే కెప్టెన్!" అని పిల్లలు బండి అదిరేలా అరుస్తారు.

"ఆదివారం మా పాపతో వెళ్తున్నా," అన్నాడాయన. "సోమవారం అందరం మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఎవరూ..."

"వంటవాడు!" అంది టముకు.

అద్దంలో డ్రైవర్ మామ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏంటీ?"

"వంటవాడే ద్రోహి! సూప్ గరిటెలో రేడియో దాచాడు! చివర్లో కెప్టెన్ ఏం చేస్తాడంటే..."

రెండుజడల పిల్ల చెవులు మూసుకుంది. కళ్ళద్దాల అబ్బాయి ఏమీ వినపడకూడదని పదమూడో ఎక్కం గొంతెత్తి అందుకున్నాడు. అది తప్పుగా కూడా చదివాడు. అయినా టముకు ఆగలేదు. చివరి సీనుదాకా చెప్పేసి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

డ్రైవర్ మామ వ్యాన్‌ని పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగాడు. తిడతాడనుకుంది టముకు. ఆయన తిట్టలేదు.

"అందరికంటే నేను నమ్మింది ఆ వంటవాణ్ణే తల్లీ," అన్నాడు నీరసంగా. "ఎంత ప్రేమగా సూప్ పోసేవాడు!"

మళ్ళీ బండి స్టార్ట్ చేసి, అందర్నీ ఇళ్ళ దగ్గర దింపేశాడు.

ఇంట్లో అమ్మమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో ఎదురుచూస్తోంది. ఆమెకు ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. డాక్టర్ మళ్ళీ చూసి సరేననేదాకా సినిమాహాలు గడప తొక్కకూడదు. మొదటి రెండు సినిమాలూ టముకుతో కలిసి చూసింది ఆమే. చప్పట్లు కొట్టడంలో టముకునే మించిపోయింది.

"ఒసేయ్, నిన్న నువ్వొచ్చేసరికి నిద్రపోయాను. సినిమా ఎలా ఉంది? రోబోయే కదూ దొంగ? దాని చూపులోనే తెలుస్తోంది!"

టముకు నోరు తెరిచింది. వంటవాడు నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే డ్రైవర్ మామ మొహం గుర్తొచ్చింది. టముకు బల్లమీది అరటిపండు తీసి సగానికి సగం నోట్లో కుక్కుకుంది.

"మ్మ్... మ్మ్..." అంది.

"రోబో అంటే అవునా, కాదా?"

మిగిలిన సగం కూడా కుక్కుకుంది.

మర్నాడు ఉదయం వ్యాన్ వచ్చింది. "ఎక్కండి," అన్నాడు డ్రైవర్ మామ. అంతే. చేతులూ లేవు, ముక్కులూ లేవు. పిల్లలంతా టముకు వంక గుర్రుగా చూశారు.

టముకు ఆయన సీటు వెనక్కి చేరింది. "మామా, నిన్న ఊరికే అన్నాను. వంటవాడు కాదు. రోబో." ఆయన గేరు మార్చాడు. "కాదు కాదు, డాక్టర్." ఆయన హారన్ కొట్టాడు. "నిజంగా చెప్తున్నా, కెప్టెన్ వాళ్ళ అత్తగారు!"

"సినిమాలో అత్తగారే లేరు కదమ్మా," అన్నాడాయన. పెదవి కొంచెం వంకరపోయింది కానీ నవ్వలేదు.

టముకు తల దించుకుంది. "సారీ మామా."

"సర్లే. కూర్చో."

సోమవారం టముకు బెరుగ్గా వ్యాన్ ఎక్కింది. డ్రైవర్ మామ మాత్రం హుషారుగా ఉన్నాడు.

"చూశావా మామా?"

"చూశా. ఆ వంటవాడు గరిటె తిప్పినప్పుడల్లా నా నాలుక ఒకటే దురద! పక్కన మా పాప. దానికేం తెలీదు. పళ్ళ బిగువున ఆపుకున్నాననుకో. కానీ ఆఖర్న దాని మొహం చూడాలీ... కళ్ళు ఇంతింత చేసుకుని నా చొక్కా చేయి చింపేసింది! తెరమీద ఏమైందో నేను చూస్తే ఒట్టు."

చిరిగిన చొక్కా చేతిని అందరికీ చూపించి, బండి స్టార్ట్ చేశాడు. "చేతులు లోపల, ముక్కులు లోపల!"

"సరే కెప్టెన్!" అందరికంటే గట్టిగా అరిచింది టముకే.

కంటి డాక్టర్ సరేననేదాకా ఇంట్లో అరటిపండ్లు నిలవలేదు. "ఈ పిల్లకి ఇంత ఆకలేంటి?" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

చివరికి అమ్మమ్మ కళ్ళు బాగున్నాయన్నారు. సాయంత్రం ఆటకి టముకు, అమ్మమ్మ వెళ్ళారు.

తెరమీద వంటవాడు నవ్వుతూ సూప్ పోస్తున్నాడు. "పాపం, ఎంత మంచివాడే!" అంది అమ్మమ్మ. టముకు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"రోబోయే. రాసిపెట్టుకో," అంది మళ్ళీ అమ్మమ్మ.

"చూద్దాం అమ్మమ్మా," అంది టముకు. ఆ తర్వాత తెరవైపు చూడటం మానేసి, అమ్మమ్మ వైపు తిరిగి కూర్చుంది.

గరిటె విరిగింది. రేడియో బయటపడింది. అమ్మమ్మ నోరు సున్నాలా తెరుచుకుంది. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఓరి నీ గరిటె విరగా! నువ్వట్రా!"

"కూర్చోండి బామ్మగారూ!" అన్నారు వెనకవాళ్ళు. టముకు నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారిపోయింది.

బయటికొస్తుంటే తర్వాతి ఆటకి జనం వరసలో నిలబడి ఉన్నారు. ముందున్న ఓ పిల్లాడు ఆత్రంగా అడిగాడు, "బామ్మగారూ, సినిమా బాగుందా? ఇంతకీ ద్రోహి ఎవరు?"

అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. "ఎవరనుకున్నావు నాయనా, ఆ వంట..."

"వంటింట్లో స్టవ్ ఆపలేదు అమ్మమ్మా!" అని కేకపెట్టింది టముకు. చెయ్యి పట్టుకుని బరబరా మెట్లమీదుగా లాక్కుపోయింది.

"అయ్యో, ఆపానే!" అంటూ పరుగులాంటి నడకతో వెంటపడింది అమ్మమ్మ. "నా చేత్తో నేనే ఆపానే!"