దయ్యానికి హార్మోనియం

కంభం చర్చి గేటుకు ఉజ్జీవ సభల ఫ్లెక్సీ కట్టించి, పాస్టరు గారు 'ఆమెన్' అనగానే సంఘ పెద్ద దావీదు చుట్ట తాడు లాగాడు. పైనుంచి దిగాల్సింది పావురం, ఒక వాక్యం, ప్రసంగీకుల ఫొటో. దిగింది మాత్రం సున్నం కొట్టినట్టున్న మొహం, గుంటకళ్ళు, చేతిలో ఆరిపోయిన లాంతరు. కింద ఎర్రటి అక్షరాలతో 'కుటుంబ సమేతంగా రండి' అని పిలుపొకటి.

దావీదు భార్య కోటమ్మ "యేసయ్యా!" అని అక్కడే కూలబడింది. వాళ్ళ కూతురు షారోన్ చర్చిలోంచి వచ్చి చూసి, అందరికన్నా ముందు పకపకా నవ్వింది. నాయన మొహం చూశాక ఆ నవ్వు మింగేసి, దయ్యాన్ని చుట్టి చంకలో పెట్టుకుని మార్కాపురం బస్సెక్కింది.

"ఇది నీ దయ్యమేనా?" అంది, ఫ్లెక్సీ షాపు బల్ల మీద చుట్ట విసిరేసి.

షాపు ఓనరు సతీష్ లేచి నిలబడ్డాడు. "అయ్యో అక్కా, ఇది మీకొచ్చిందా? అయితే ఆ పావురం..."

"ఏదీ మా పావురం?"

"మా సినిమా పోస్టరనుకొని పిల్లోళ్ళు కంభం రైలు స్టేషను కాడ కట్టినారు. పొద్దున్నించి జనం దండం పెట్టుకుంటుండారు."

తిట్టడానికి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆ ఒక్క దెబ్బకు పోయాయి. కోపం నిలబెట్టుకోవడానికి ఆమె పక్కనున్న కంప్యూటరు వైపు చూసింది. అందులో అదే లాంతరు మనిషి మెట్లెక్కుతున్నాడు. చప్పుడు లేదు.

"సౌండు చెడిపోయినట్టుందే."

"చెడిపోలేదక్కా. అసలు పుట్టనే లేదు. ఇది మూకీ. వందేళ్ళ కిందటి జర్మనీ సినిమా."

ఇక అతన్ని ఆపడం ఎవరి తరం? 1896లోనే ఒక ఫ్రెంచి గారడీవాడు గబ్బిలాన్ని దయ్యంగా మార్చి మూడు నిమిషాల సినిమా తీశాడట. యుద్ధంలో ఓడి దివాళా తీసిన జర్మనీ వాళ్ళు వంకర గోడలు కట్టి, వాటి మీద నీడల్ని రంగుతో గీశారట. అమెరికాలో ఒక నటుడికి తల్లీ తండ్రీ ఇద్దరూ చెవిటివాళ్ళట. చిన్నప్పుడు వాళ్ళతో చేతులతో, మొహంతో మాట్లాడి మాట్లాడి, పెద్దయ్యాక ఆ మొహంతోనే లోకాన్నంతా జడిపించాడట.

"మాట లేకుండా అంత భయపెట్టినారు చూడక్కా! మన వైపు ఎవరికీ తెలీదు. అందుకే కంభంలో వేస్తుండా."

"మరి మ్యూజిక్ ఎట్ల?"

"అప్పట్లో తెర పక్కన కూచొని ఎవరో ఒకరు వాయించేటోళ్ళు. మనకెవరుండారు? పెన్‌డ్రైవ్‌లో ఎక్కించినా."

"భయాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించినావా?" షారోన్ చేతులు కట్టుకుంది. "మీ దయ్యానికి నువ్వే పెద్ద అవమానం చేస్తుండావ్. హార్మోనియం నేను వాయిస్తా చూడు."

అని తిరుగు బస్సులో కూర్చున్నాక గాని, ఇంట్లో ఏం చెప్పాలో గుర్తు రాలేదు ఆ మహాతల్లికి.

"దేవుని పాటలు వాయించే చేతులమ్మా అవి," అన్నాడు దావీదు.

"కథలో చివరకు దయ్యమే ఓడిపోతాది నాయనా."

దావీదు చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టాడు. "సరే. మనింట్లో హార్మోనియం తీసుకుపో. కానీ సంఘంలో ఒక్కరు వేలెత్తి చూపినా, ఇంక ఆదివారం నువ్వు చర్చిలో వాయించేది లేదు. సంఘ పెద్ద బిడ్డవని పక్షపాతం చూపిస్తే నేనేం పెద్దను?"

పన్నెండో ఏటి నుంచి ఆ చర్చి హార్మోనియం షారోన్‌దే. వారమంతా ప్రైవేటు బడిలో పిల్లల మధ్య అరిచి అరిచి, ఆదివారం ఆ మెట్ల మీద వేళ్ళు పెడితేనే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. అది పోతే ఏం మిగులుతుంది? అయినా ఒప్పుకుంది. మొండిది.

ఆరు శనివారాలు ఫ్లెక్సీ షాపులో సాధన సాగింది. సతీష్ ఫోనులో సినిమా పంపించాడు, అరవై మూడు నిమిషాలు. దయ్యం సమాధిలోంచి లేవడానికో వరస, లాంతరు పట్టుకుని భార్యను వెతకడానికో వరస, నిమిషం లెక్కన అన్నీ ఆమె కాపీ పుస్తకంలో రాసుకుంది.

ఐదో శనివారం వాన పడింది. మా వైపు వానంటే పెద్దింటి చుట్టం. ఎప్పుడొస్తుందో చెప్పదు, వస్తే అందరూ పని మానేసి చూడాల్సిందే. షాపు రేకుల మీద దడదడమంటుంటే షారోన్ వాయించడం ఆపేసింది.

"ఆపినావేంది?" అన్నాడు సతీష్.

"నాకన్నా అదే బాగా వాయిస్తుండాది."

"ఏం కాదు. నువ్వే బాగా వాయిస్తావ్ షారోన్."

ఆమె తలెత్తింది. "నిన్నమొన్నటి దాకా అక్కా అంటివే?"

సతీష్ ప్రింటింగ్ మెషీన్‌లోకి తల దూర్చి, లేని రిపేరేదో మొదలుపెట్టాడు. అతని చెవులు మాత్రం ఎర్రగా బయటే ఉన్నాయి. షారోన్ ఆ చెవుల్ని ఇష్టంగా చూసింది. దాచుకోవడమెందుకు, అప్పటికే అతనంటే ఆమెకు ప్రేమ.

ఆట రోజు సాయంత్రం కంభం కల్యాణ మండపం నిండిపోయింది. ఫ్లెక్సీల తెల్లటి వెనక వైపులు కలిపి కుట్టిందే తెర. ముందు వరసలో దావీదు, కోటమ్మ, సంఘమంతా. ఇటు పక్క సతీష్ నాయన యల్లయ్య, దోర్నాల దగ్గర గొర్రెల్ని తమ్ముడికి అప్పగించి, గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు, చుట్టాలందరితో.

హార్మోనియం మొదలైంది. దయ్యం లేచింది. మూడో నిమిషానికి యల్లయ్య గొంగడి మొహం దాకా వచ్చింది. బొమ్మల మధ్యలో వచ్చే మాటల అట్టల్ని సతీష్ తెలుగులో రాసి పెట్టాడు గనక చదువొచ్చినవాళ్ళు గట్టిగా చదువుతున్నారు, రానివాళ్ళు వాళ్ళ మోచేతులు గిల్లుతున్నారు. షారోన్‌కు గర్వంతో ఒళ్ళు తేలిపోతోంది.

అప్పుడు గమనించింది. తన పుస్తకంలో ఆఖరి పేజీ అయిపోతోంది. దయ్యమేమో ఇంకా మెట్లే ఎక్కుతోంది!

తెర వెనక నుంచి సతీష్ వంగి వచ్చి, సంబరంగా చెవిలో చెప్పాడు. "చూసినావా? నిన్న రాత్రే మంచి కాపీ దొరికింది. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేటోళ్ళు గదా, మన స్పీడులో వేస్తే మనుషులు కోళ్ళ మాదిరి పరిగెత్తుతారు. ఇదే అసలు స్పీడు. నీకు సర్‌ప్రైజ్!"

"ఎన్ని నిమిషాలు?"

"ఎనబై నాలుగు."

ఆ క్షణంలో షారోన్ చూసిన చూపుకు, దయ్యం కూడా మెట్ల మీద ఆగి ఉండేది. ఇంకా ఇరవై ఒక్క నిమిషాలు! వాయించిన వరసల్నే తిప్పి తిప్పి పది నిమిషాలు లాగింది, పుట్టించి ఇంకో ఐదు. తెర మీద తెల్లవారుతుండగా దయ్యం తన భార్య సమాధి దగ్గరకు చేరి మోకాళ్ళ మీద పడే వేళకు బుర్ర ఖాళీ. వేళ్ళు ఖాళీగా ఉండవు గదా. అవి తమకు తెలిసిన దారిన పోయాయి.

భూస్థాపన పాటలోకి.

మట్టి వేసేటప్పుడు సంఘం పాడే పాట అది. మొదటి వరస వినగానే ముందు వరసలో దావీదు లేచి నిలబడ్డాడు. కోటమ్మ తల మీద కొంగు కప్పుకుంది. సంఘమంతా లేచింది. పాతికేళ్ళుగా ప్రతి సమాధి దగ్గరా పాట ఎత్తేది దావీదే. అలవాటుగా ఎత్తేశాడు. అందరూ అందుకున్నారు. ఇటు పక్కవాళ్ళు ఆట అంటే ఇంతే కాబోలనుకుని తలపాగాలు తీసి నిలబడ్డారు. మూడొందల మంది నిలబడి పాడుతుంటే, తెర మీద వెలుగు పెరిగి, ఆ లాంతరు మనిషి మెల్లగా మాయమైపోయాడు.

ఆ వెంటనే సతీష్ చేర్చిన అట్ట ఒకటి తెర నిండా పడింది. 'ఏందది?' అని కోటమ్మ అడిగితే దావీదు చదివాడు, ఒకసారి కాదు, రెండుసార్లు, "హార్మోనియం: కంభం దావీదు, కోటమ్మల కూతురు షారోన్."

చప్పట్ల మధ్యలో సంఘం కోశాధికారి ఆనంద్ బాబు వేలెత్తాడు. "దావీదన్నా! భూస్థాపన పాట సినిమాలో ఏందన్నా?"

షారోన్ హార్మోనియం మెట్ల మీంచి చేతులు తీసేసింది. అయిపోయింది, ఆదివారం పోయింది అనుకుంది.

దావీదు తిరిగాడు. "మొన్న రైలు పట్టాల కాడ దిక్కులేని శవానికి ఎవరు పాడినారు ఆనంద్ బాబూ?"

"మనమే."

"పేరడిగినామా? మతం అడిగినామా?"

"లేదు."

"ఈ బొమ్మలో మనిషి గూడా అంతే. నూరేళ్ళ నుంచి పండుకోను చోటు లేక తిరుగుతుండాడు. ఇన్నాళ్ళకు నా బిడ్డ పాడి పండబెట్టింది. ఆదివారం చర్చిలో వాయించేది గూడా నా బిడ్డే. ఇంకెవరన్నా వేలెత్తుతారా?"

ఆనంద్ బాబు వేలు ముడుచుకుని, ఆ చేత్తోనే చప్పట్లు కొట్టాడు. షారోన్‌కు కళ్ళు నిండాయి. తన వాయింపు మీద ఆమెకు ఎప్పుడూ గర్వమే. నాయన మీద ఇంత గర్వం మాత్రం ఆ పూటే.

ఇంతలో యల్లయ్య, గొర్రెల్ని పిలిచే గొంతుతో కొడుకును అడిగాడు. "ఏందిరా, ఇంటికొస్తే హార్మోనియం హార్మోనియం అని కలవరిస్తుంటివి. ఈ పాపేనా?"

మండపం మొత్తం సతీష్ వైపు తిరిగింది.

"అవు నాయనా," అన్నాడు సతీష్, చెవులు ఎర్రబడుతుండగా. తర్వాత దావీదు వైపు తిరిగి నిలబడ్డాడు. "ఆ అమ్మాయంటే నాకిష్టం పెద్దయ్యా. పెండ్లి చేసుకోవాలని ఉండాది."

యల్లయ్య గొంగడి సర్దుకున్నాడు. "మేము గుడికి పోయేటోళ్ళమన్నా. మీకెట్లనో..."

"దయ్యానికే చోటిచ్చినాం. మీకియ్యమా?" అన్నాడు దావీదు. "రేపు ఆరాధన అయినాక మీ ఆవిడను గూడా తీసుకోని భోజనానికి రా. అన్నీ మాట్లాడుకుందాం."

"నన్నెవరూ అడగరా?" అంది షారోన్.

సతీష్ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఒప్పుకుంటావా?"

"వచ్చే నెల గిద్దలూరులో వేస్తావంట గదా. ఎన్ని నిమిషాలో ముందే చెప్తానని అందరి ముందర ఒట్టెయ్యి."

"ఒట్టు."

"అయితే ఒప్పుకున్నా."

హార్మోనియం మోయడానికి సతీష్ వంగాడు. దావీదు అతని చెయ్యి పక్కకు నెట్టి, పెట్టెను తన భుజానికి ఎత్తుకుని, "జరగండి, జరగండి, మా అమ్మాయి హార్మోనియం వస్తుండాది," అంటూ జనం మధ్యలోంచి ముందు నడిచాడు.