డెరిక్ వాళ్లమ్మ ఉత్తరం

శనివారం పొద్దున విమలకుమారి వంటింట్లో పెసరట్లు పోస్తోంది. హాల్లో ఆమె భర్త రత్నరాజు పాత యుద్ధకాలపు కామెడీ సీరియల్ చూస్తున్నాడు. గుడారంలో మిలటరీ ఆసుపత్రి, నెత్తుటి గ్లౌజులతో జోకులేసుకునే డాక్టర్లు, ప్రతి జోక్‌కీ వెనకనుంచి జనం నవ్వులు. కూతురు జెనిఫర్ ఆర్మీలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేసే మెడిక్‌గా ఇరాక్ వెళ్లినప్పటి నుంచీ ట్రాయ్ ఊళ్లోని ఆ ఇంట్లో ఇదే వరస.

ఈమధ్యే తిరిగొచ్చిన జెనిఫర్ మెట్లు దిగుతూ ఆగిపోయింది. తెర మీద ఒక సైనికుడు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం పైకి చదువుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వుతున్నారు. రత్నరాజు కూడా పకపకా నవ్వాడు.

"డాడీ, ఆపెయ్."

"ఒక్క ఐదు నిమిషాలమ్మా, అయిపోవచ్చింది."

"ఆపమన్నాను!"

అతను వెనక్కి తిరిగేలోపే ఆమె వంటింట్లోకి వెళ్లి స్టవ్ మీది పెనం లాక్కొచ్చింది. సగం కాలిన అట్టు కార్పెట్ మీద పడింది. మొదటి దెబ్బకి తెర పగిలింది. బొమ్మ పోయినా నవ్వులు ఆగలేదు. ఆగేదాకా కొట్టింది.

రత్నరాజు ఆమెని భుజం పట్టుకుని లాగాడు. "పిచ్చి పట్టిందా నీకు?" అంటూ చెంప మీద కొట్టాడు.

మరుక్షణం అతని వీపు గోడకి గుద్దుకుంది. కూతురి ముంజెయ్యి గొంతుకి అడ్డంగా బిగిసింది. గోడకున్న బైబిల్ వాక్యం ఫ్రేము కింద పడి భళ్లుమంది. అతని కాళ్లు కొట్టుకుంటున్నాయి, మొహం కమిలిపోతోంది. ఆమె కళ్లు మాత్రం అతన్ని చూడటం లేదు.

"జెన్నీ! అది మీ డాడీ, తల్లీ! వదులు!" విమలకుమారి ఎంత లాగినా ఆ చెయ్యి రాలేదు. చివరికి కూతురి మొహాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. "నన్ను చూడు. ఇంట్లో ఉన్నావు. మన ఇంట్లో."

పట్టు సడలింది. రత్నరాజు దగ్గుతూ కిందికి జారిపోయాడు. జెనిఫర్ తన చేతులు చూసుకుని అక్కడే కూలబడింది.

"డెరిక్ అని మా యూనిట్‌లో," అంది. "ట్రక్ కింద బాంబ్ పేలింది. కాళ్లు రెండూ లేవు డాడీ. నా పిడికిలి గాయంలో పెట్టి బ్లడ్ ఆపుతున్నా. జేబులో వాళ్లమ్మ లెటర్ ఉంది, చదవమన్నాడు. చదివాను. వాళ్ల కుక్క పాస్టర్ విగ్గు ఎత్తుకుపోయిందంట. గట్టిగా నవ్వాడు. నోట్లోంచి బ్లడ్ వచ్చింది. నేనూ నవ్వుతున్నా. చూసేసరికి చచ్చిపోయాడు. నేను నవ్వించకపోతే బతికేవాడేమో!"

"ఆ గాయానికి ఎవరూ బతకరమ్మా. అది నాకన్నా నీకే తెలుసు." రత్నరాజు గోడకి ఆనుకుని లేచి కూర్చున్నాడు. "నువ్వు ఆర్మీలో చేరతానంటే నా కూతురివే కాదన్నాను. ఆ మాట అన్నాక ఏ మొహంతో ఉత్తరం రాయను? మీ మమ్మీ రాస్తుంటే పక్కగదిలో కూర్చునేవాణ్ణి. న్యూస్ పెట్టాలంటే భయం. ఈ సీరియల్లోనూ బాంబులు పడతాయి. అయినా ఆ డాక్టర్లు మళ్లీ వారం నవ్వుతూ కనపడతారు. నువ్వూ అలాగే ఉన్నావనుకోవడానికి చూశాను."

అతని మెడ మీద ఎర్రగా తేలిన వాతని జెనిఫర్ వేలితో ముట్టుకుంది. "సారీ డాడీ," అని వెక్కిళ్లు పెట్టింది.

"ముందు చెయ్యెత్తింది నేను తల్లీ." కూతుర్ని గుండెకి హత్తుకున్నాడు. ఆమె తల నిమురుతూ అడిగాడు, "ఆ తల్లికి ఇదంతా తెలుసా?"

"లేదు. టొలీడోలో ఉంటారు, ఇక్కడికి గంటన్నర దారి. వెళ్లడానికి భయం."

"లే. ముగ్గురం వెళ్దాం."

మధ్యాహ్నానికి టొలీడోలో ఒక చిన్న ఇంటి తలుపు తట్టారు. తెల్లజుట్టు ఆవిడ సోఫాలో కూర్చుని, జెనిఫర్ చెప్పిందంతా కదలకుండా వింది.

"వాడు భయపడుతూ, ఒంటరిగా పోయాడనుకుంటూ బతుకుతున్నాను," అందావిడ. "నా మాటలకి నవ్వాడా?"

"నవ్వాడు. గట్టిగా."

"వాణ్ణి పట్టుకున్న చెయ్యి ఏది?"

జెనిఫర్ బిగించిన కుడి పిడికిలి చాపింది. ఆవిడ ఆ పిడికిలి నెమ్మదిగా విప్పి, అరచేతిలో ముద్దు పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ రత్నరాజు, భార్య భుజం మీద తలవాల్చి, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.