పైన్ చెట్టు వయసు

‘గుహ కప్పును చీల్చుకొని దిగిన వేరు కింద ముఠాదారు నగల పెట్టె. ఆ చెట్టుకు ఒక్కో ముడిలో మూడేసి సూదులు.’

కొండ పల్లెలను ఏలిన ముఠాదారు నిధి పటం అడుగున ఉన్న రాత ఇది. రెండు వందల ఏళ్ళనాటి పటమని, దాన్ని సంపాదించిన కోదండం ఒట్టేశాడు. ఒంటరిగా పోతే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని, అతని బావ శరభయ్య తిట్టుకుంటూనే వెంట బయలుదేరాడు.

శరభయ్య నర్సీపట్నంలో పసుపు వ్యాపారి. కొమ్ము విరిచి చూడనిదే బస్తా ముట్టడు. చింతపల్లి కొండల్లో, గుహ నెత్తిన నిలిచిన పైన్ చెట్టు దగ్గరా అలాగే చేశాడు. రాలిన ఆకులు ఏరి చూశాడు. సన్నని గోధుమరంగు తొడుగులో మూడేసి సూదులే. బెరడు పగుళ్ళలో జిగురు కారుతోంది. సరుకు సరిపోయింది.

“నాను నోపలికి రాను సావుకారూ,” దారి చూపిన పాంగి సుక్రి గుహ ముందే చతికిలబడింది. “వానలకి కప్పు నానిపోనాది. వేరు కదిపితే కూలిపోతాది.”

“ముసలిదానివి, నీకు భయం!” కోదండం గునపంతో దూసుకుపోయాడు. శరభయ్య టార్చి పట్టుకొని వెంటపడ్డాడు. గబ్బిలాలు ముఖాలకు కొట్టుకుంటూ లేచాయి. కప్పులోంచి తొడ లావు వేరు దిగి ఉంది. మొదటి పోటుకే మట్టి జలజలా రాలింది.

“ఆపరా!”

“రెండు వందల ఏళ్ళ వేరు బావా, ఊడదు!”

బయట సుక్రి పగలబడి నవ్వింది. “రెండొందలేటి! నా పెళ్ళైన ఏడు నాను నాటిన మొక్కది! ఫారెస్టోళ్ళు ఇత్తనాలు హిమాలయాల కాడనుంచి తెచ్చినారు. అంతకుముందు ఈ కొండల్ల ఆ జాతే నేదు!”

శరభయ్య ఒళ్ళు భగ్గుమంది. చెట్టుకన్నా పటానికి వయసెక్కువా! ఆకు చూశాడు, బెరడు చూశాడు. ఏ నేలది, ఏనాటిది అని అడగలేదు. పసుపైతే మొదట అడిగేది అదే.

“ఒరే! ఏ వెధవ గీశాడురా ఈ పటం?”

“ఎవడైతేనేం! మూడు సూదులు నిజమే కదా!” కోదండం కసిగా మరో పోటు పొడిచాడు.

కప్పు ఫెళ్ళుమంది.

“రా బయటికి! మీ అక్కకు శవాన్ని అప్పజెప్పమంటావా?” శరభయ్య అతని చొక్కా మెడ పట్టి ఈడ్చాడు. వెనక రాళ్ళు కూలుతున్నాయి. ఇద్దరూ బోర్లాపడుతూ వెలుగులోకి వచ్చిన మరుక్షణం గుహ కుంగి, చెట్టు కొమ్మలతో సహా అందులోకి ఒరిగిపోయింది.

కోదండం దుమ్ము ఉమ్ముతూ లేచాడు. “బావా, చెట్టు పడింది కదా. ఇక తవ్వడం తేలిక!”

అతని చెంప చెళ్ళుమంది.

సుక్రి ఒరిగిన చెట్టునే చూస్తోంది. ముఖంలో నవ్వు లేదు. “ఇంకోటి కొట్టు సావుకారూ. అది నా సెట్టు తరపున.”

శరభయ్య కొట్టాడు.