పాడుపెట్టిన ఇంట్లో పుస్తకాలు

పర్చూరు అవతల నల్లరేగడి పల్లె ఒకటి. ఆ ఊళ్లో బ్రాహ్మణ వీధి కొసన ఉన్న పెంకుటింటి ముందు నుంచి, దీపాలు పెట్టాక మనిషన్నవాడు నడిచేవాడు కాదు. మిరప చేలకి కాపలా పోయేవాళ్లు కూడా అర మైలు చుట్టు తిరిగి డొంక దారిన పోయేవాళ్లు. ఎందుకయ్యా అంటే, లోపల చచ్చిపోయినాయన కూర్చుని పుస్తకాలు చదువుతున్నాడట! మీకు నవ్వొస్తుందేమో. ఎనభై మూడులో ఆ ఊరి వాళ్ల ముందు నవ్వి ఉంటే తెలిసేది.

ఆయన రాధాకృష్ణమూర్తి గారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఇంటినిండా పుస్తకాలే. రాజుల చరిత్రలు, రాజకీయాలు, బౌద్ధం, జైనం, గుడి శిల్పాలు... వంటింటి అటక మీద కూడా శాసనాల సంపుటాలే. పప్పు డబ్బా పెట్టుకోవడానికి భార్య రాజరాజేశ్వరి చోటు వెతుక్కునేది. ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి, దిబ్బల్లో దొరికిన రాళ్లూ గుడి గోడల మీద రాతలూ చదివి, ఆ నేల చరిత్ర ఒక పెద్ద పుస్తకంగా రాశారాయన. ఉన్నది ఒకటే ప్రతి. ఫిబ్రవరిలోగా పంపితే అచ్చు వేస్తానని గుంటూరులో ఒక ప్రచురణకర్త మాటిచ్చాడు. ఆషాఢంలో ఆఖరి ప్రకరణం ముగించి, కాగితాలన్నీ ఎర్రగుడ్డలో మూటకట్టి, చెక్క బీరువా పై అరలో పెట్టి — ఆ రాత్రే పోయారు.

పోయిన నక్షత్రం ధనిష్ఠ.

ధనిష్ఠలో పోతే ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాలి. ఎవరూ గడప దాటకూడదు, దీపం పెట్టకూడదు, పూచికపుల్ల బయటికి తీయకూడదు. సిద్ధాంతి గారు చెప్పారు, మరిది తాళం వేశాడు. రాజరాజేశ్వరి ఎదురింటి వసారా గదిలోకి మారింది. పెట్టింది తినేది. పిలిస్తే పలికేది. ఏడవమని చుట్టాలు పోరినా ఏడుపు రాలేదు. కాలు తిమ్మిరెక్కినట్టు మనిషికి మనిషే తిమ్మిరెక్కి ఉంది.

మొదట విన్నది పేరయ్య. శ్రావణంలో ఒక రాత్రి పొలం నుంచి వస్తూ, చుట్ట వెలిగించుకుందామని ఆ ఇంటి అరుగెక్కాడు. లోపల... చిరచిర. ఆగింది. మళ్లీ చిరచిర... ఎవరో కాగితాలు తిప్పుతున్నట్టు!

చుట్ట అక్కడే పారేసి లగెత్తాడు. పేరయ్య నోట్లో నువ్వుగింజ నానదు కదా, తెల్లారేసరికి ఊరు ఊరంతా అదే మాట.

ఆ మాట రాజరాజేశ్వరి చెవిన కూడా పడింది. వాన వెలిసిన ఒక రాత్రి, కరెంటు పోయి ఉంది, లాంతరు పట్టుకుని వీధి దాటింది. తలుపుకి చెవి ఆనించింది.

నిజమే... చిరచిర... చిరచిర...

"ఏమండీ..." అని పిలిచింది.

చప్పుడు ఆగిపోయింది.

చెవి తీయకుండా అలాగే నిలబడింది. చూరు నుంచి నీళ్లు ఒక్కో బొట్టే జారుతున్నాయి. ఎంతసేపటికో — మెల్లగా — తలుపుకి సరిగ్గా అవతలే — మళ్లీ మొదలైంది.

భయపడాలని ఆవిడకి తెలుస్తూనే ఉంది. భయమే రాలేదు. లాంతరు తగ్గించి అరుగు మీద కూర్చుంది, కోడి కూసేదాకా కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఇవాళ ఏ పుస్తకం తీశారో అనుకునేది. శాసనాలా, బౌద్ధమా... ఊరు ఆ ఇంటితో పాటు ఆవిణ్ణి చూసి కూడా జడుసుకోవడం మొదలెట్టింది.

కార్తీకంలో చీరాల నుంచి హయాత్ వచ్చాడు. మూర్తి గారి పుస్తకాలకి ఇరవై ఏళ్లుగా బైండింగు చేస్తున్నది అతనే. ఏటా వానలు తగ్గగానే ఇద్దరూ కలిసి పుస్తకాలన్నీ పెరట్లో ఎండబెట్టి, మధ్య మధ్య కొత్త వేపాకు పెట్టేవాళ్లు. ఈసారి తలుపుకి తాళం ఉంది. మట్టిగోడ నడుమెత్తు చెమ్మెక్కి ఉంది. అది చూసి హయాత్ నేరుగా ఎదురింటికి, ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మగారూ, ఒక్క పూట తలుపు తీయించండి. పుస్తకానికి ఎండ తగలాలి. అన్నీ కాకపోయినా ఆ ఎర్రమూట ఒక్కటీ తెచ్చేద్దాం."

మరిది మెత్తబడ్డాడు. సిద్ధాంతి గారు కూడా ఏదో పరిహారం చూద్దామన్నారు. ఒప్పుకోనిది ఆవిడే.

"ఆయన చదువుకుంటున్నారు, హయాత్," అంది గుసగుసగా. "మధ్యలో కదిపితే విసుక్కుంటారు."

హయాత్ చివరి బస్సుకి వెళ్లిపోయాడు.

పుష్యంలో గడువు తీరింది. శాంతి చేయించి పట్టపగలు తలుపు తీశారు. హయాత్ వచ్చాడు. ఊరు సగం వీధిలోనే ఉంది గాని ఒక్కరూ అరుగెక్కలేదు.

లోపల పుస్తకాలు వరసలు వరసలుగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ కదిలిన జాడ లేదు. అమ్మయ్య అనుకున్నాడు మరిది. హయాత్ చెయ్యి చాచి ఒక లావుపాటి సంపుటం తీశాడు... ఖాళీ అగ్గిపెట్టెలా తేలిగ్గా వచ్చేసింది. అట్ట అతని చేతిలో ఉంది, లోపలిదంతా మట్టై జలజలా రాలింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. అలమర మొత్తం ఒక్కసారిగా కుంగి నేలకి దిగిపోయింది.

ఎర్రమూట దించి ఆవిడ ముందు పెట్టాడు. ముడి తనే విప్పింది. మట్టి. మట్టిలో తెల్లగా పాకుతున్న పురుగులు. రెండు వేళ్ల వెడల్పు కాగితం ముక్క ఒకటి మిగిలింది, దాని మీద అక్షరం లేదు.

"చెదలమ్మా," అన్నాడు హయాత్, ఎటో చూస్తూ.

ఆ మాట బయటికి పాకింది. వీధిలో నవ్వులు మొదలయ్యాయి. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, చెదపురుగులట! అందరికంటే గట్టిగా నవ్వింది పేరయ్యే. ఆ రాత్రి నుంచి చేలకి పోయేవాళ్లు మళ్లీ అదే దారిన నడిచారు.

ఆవిడ మాత్రం మూట ముందే కూర్చుంది.

"రాత్రిళ్లు నాకు వినపడింది ఇదేనా?"

"ఇదేనమ్మా. బయట అలికిడైతే కాసేపు ఆగుతాయి. మళ్లీ మొదలెడతాయి."

మూటలో చెయ్యి పెట్టి గుప్పెడు మట్టి తీసింది. వేళ్ల సందుల్లోంచి మట్టి రాలుతోంది, ఆవిడ దులుపుకోలేదు.

"ఇన్నాళ్లూ గోడకి ఇవతలే కూర్చున్నాను, హయాత్," అంది. "ఒక్కొక్క పుస్తకమే తినేస్తుంటే... ముచ్చటపడి విన్నాను."